అప్రెంటిస్ అని తీసుకుపోయి పది నెలలుగా అట్టపెట్టెలకు టేపు వేయిస్తున్నారు. మా తమ్ముడికి ఏం దారి?

పాకాల_జంక్షన్

మాది పాకాల మండలంలో పల్లె. తమ్ముడు ఐటీఐ ఎలక్ట్రీషియన్ రెండేళ్లు చదివినాడు. పోయినేడు ఒక కాంట్రాక్టరు మనిషి ఊర్లోకే వచ్చి రచ్చబండ కాడ కూర్చొని, "అప్రెంటిస్ పోస్టు, ఏడాది చేస్తే సర్టిఫికెట్, ఆ తర్వాత పర్మనెంటు" అని చెప్పి చుట్టుపక్కల నుంచి పది మంది పిలకాయల్ని వ్యాన్లో ఎక్కించుకొని పోయినాడు. కంపెనీ పేరు రాయను, తమ్ముడు ఇంకా ఆడే ఉన్నాడు.

నెలకు 11 వేలు ఇస్తారు. రూము, మెస్సు పోను చేతికి మిగిలేది కొంచెమే. దానికి నాకు బాధ లేదు, నేర్చుకునేటప్పుడు అంతే అనుకున్నాం. పోయిన వారం ఇంటికొచ్చినాడు. బోరు కాడ స్టార్టరు పట్టుకోవడం లేదు, చూడరా అన్నాను. మూత విప్పి దాని వైపు చూస్తా అట్లే నిలబడినాడు. ఐటీఐలో ఉన్నప్పుడు ఇదే స్టార్టరును ముక్కలు ముక్కలుగా విప్పి, పాయింట్లు గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ బిగించినోడు. "అన్నా, పది నెలలుగా టెస్టరు ముట్టింది లేదు. అట్టపెట్టెలకు టేపు వేస్తా ఉండా" అన్నాడు. కుడిచేతి బొటనవేలు చూపించినాడు. టేపు లాగి లాగి కాయ కాసి ఉండాది. మా అమ్మ ఆ వేలు చూసి ఆ రాత్రి అన్నం తినలేదు.

దీన్ని అప్రెంటిస్ అంటారా? ఇంకో రెండు నెలలు ఓర్చుకోమనాలా, వచ్చేయమనాలా? చెల్లెలు బీకాం అయిపోయింది. ఆమెను కూడా అదే వ్యాన్ ఎక్కించమని ఊర్లో అంటా ఉన్నారు. తెలిసినోళ్లు చెప్పండి.

గుడిపాల_బార్డర్

ఈరోజే వచ్చేయమను. రెండు నెలల్లో టేపు వేయడంలో ఇంకేం నేర్చుకుంటాడు?

రైలుపెట్టె_ఫిట్టర్

ఆగండి, తొందరపడి వచ్చేయమనొద్దు. ముందు రెండు సంగతులు కనుక్కో తమ్ముడూ.

ఒకటి, చేరేటప్పుడు అప్రెంటిస్ కాంట్రాక్టు మీద సంతకం పెట్టినాడా? అది కంపెనీకీ వీడికీ మధ్య రాసుకున్న ఒప్పందం. ప్రభుత్వ వెబ్‌సైటు, అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో నమోదై దానికో నంబరు వచ్చుంటుంది. రెండోది, నెలనెలా ఇచ్చే జీతం చీటీలో పీఎఫ్, ఈఎస్ఐ అని ఏమైనా కోత ఉందా?

ఈ రెండూ తెలిస్తే వాడు ఎవడో తెలుస్తుంది. ఇప్పుడు మనకు వాడు అప్రెంటిసో కాదో కూడా తెలీదు.

పాకాల_జంక్షన్

కాంట్రాక్టు సంగతి వాడు ఎప్పుడూ చెప్పలేదు. షిఫ్టు దిగినాక ఫోన్ చేసి అడుగుతా. రాత్రి తొమ్మిదయితాది.

షెడ్డు_మేస్త్రి

నేను బంగారుపాళెంలో మోటార్ల రీవైండింగ్ షెడ్డు పెట్టి ఇరవై రెండేళ్లు. కాగితం, నంబరు, పోర్టల్ అని అందరూ చెప్తారు. నా కాడ పని నేర్చుకున్న పదిహేను మందిలో ఏ ఒక్కడికీ కాగితం లేదు. వాళ్లలో ఆరుగురికి ఈరోజు సొంత షెడ్లు ఉండాయి. పలమనేరులో ఒకడు, ఐరాలలో ఒకడు, తవణంపల్లెలో ఇద్దరు.

పని అనేది చేతికి రావాలప్పా. బోరు మోటారు వైండింగ్ అంటే స్లాటుకు ఎన్ని చుట్లు, ఎంత లావు తీగ అనేది పాత తీగ విప్పేటప్పుడే లెక్క పెట్టి రాసుకోవాల. ఒక్క చుట్టు తప్పితే మోటారు వేడెక్కతాది. తీగ పైనున్న ప్లాస్టిక్ తొడుగు గోరంత గీసుకున్నా నీళ్లలోకి పోయినాక షార్టే. మన జిల్లాలో బోర్లు వెయ్యి అడుగులు. మోటారు కాలిందంటే పైపులన్నీ పైకి లాగాల, బండి పిలవాల, మనుషుల్ని పెట్టాల. ఆ రైతుకు పంట పోతాది. ఆ భయం పిలకాయికి తగలాల. తగిలినోడే పని నేర్చుకుంటాడు. దాన్ని ఏ పోర్టలూ నేర్పదు.

గుడిపాల_బార్డర్

మేస్త్రి చెప్పింది నిజమే. ఐతే మేస్త్రీ, నీ కాడ మొదటి ఏడాది ఏమిస్తావు?

షెడ్డు_మేస్త్రి

భోజనం, బస్సు ఛార్జీ. ఆర్నెల్ల తర్వాత వారానికి ఇంత అని ఇస్తా. మొదటి ఆర్నెల్లు వాడు చెడగొట్టేదే ఎక్కువ కదా.

పులిచెర్ల_అక్క

అదే కదా అన్నా సమస్య. ఆర్నెల్లు ఉట్టి చేతులతో పని నేర్చుకునే స్తోమత ఎవరికుంది? మా పెద్దోడు పదో తరగతి అయినాక బండ్ల షెడ్డులో చేరినాడు. ఏడాది స్పానర్లు అందించినాడు, టీలు మోసినాడు. మా ఆయన కాలు విరిగి మంచాన పడితే పుత్తూరు కట్టు కట్టించి మూడు నెలలు ఇంట్లోనే. అప్పుడు వాడు షెడ్డు మానేసి బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోయినాడు. నాలుగు వేలు, ఐదు వేలు నెలనెలా వస్తా ఉంటే వాడు షెడ్డులో నిలిచుండేవాడు, ఈరోజు మెకానిక్ అయ్యుండేవాడు. వాడి చేతిలో పని ఉండాది. మా చేతిలోనే దుడ్డు లేకపోయింది.

షెడ్డు_మేస్త్రి

నీ మాట కాదనలేనమ్మా. నా కాడ నుంచి కూడా అట్ల పోయినోళ్లు ఉండారు. మంచి చేయి ఉండే పిలకాయి ఒకడు మామిడి సీజన్లో కూలి ఎక్కువ వస్తాదని గుజ్జు ఫ్యాక్టరీకి పోయి మళ్లీ రాలేదు.

గుజ్జు_14_బ్రిక్స్

ఆ పోయినోళ్లలో నేను కూడా ఒకడిని, వేరే షెడ్డు నుంచి. గుజ్జు ఫ్యాక్టరీని తక్కువ చేయొద్దు మేస్త్రీ, నేను అక్కడే నిలబడ్డాను.

2014లో డిగ్రీ రెండో ఏడాది సెలవుల్లో చిత్తూరు దగ్గర ఫ్యాక్టరీలో కాయలు ఏరే పనికి పోయినా. తోతాపురి లారీలు రాత్రంతా వచ్చేవి. కుళ్లినవి, పచ్చివి ఏరి పక్కన పడేయాలి, అంతే పని. పక్కనే ల్యాబు. అందులో ఒకాయన గాజు మీద చుక్క గుజ్జు వేసి చిన్న గొట్టంలోంచి చూసేవాడు. వారం రోజులు కిటికీలోంచి చూసి, ఒకరోజు అడిగినా, సార్ అందులో ఏం కనిపిస్తాదని. ఆయన నా చేతికిచ్చి వెలుగు వైపు తిప్పి చూడమన్నాడు. నీలం, తెలుపు కలిసే గీత, పక్కన అంకెలు. "తోతాపురి గుజ్జుకు తీపి కొలత 14 బ్రిక్స్ ఉండాల, తక్కువైతే బయటి దేశమోడు తీసుకోడు" అన్నాడు. ఆ రోజు నుంచి నా షిఫ్టు అయిపోయినాక గంట ల్యాబులో కూర్చునేవాణ్ణి. మరుసటి సీజన్‌కు నన్నే ల్యాబు హెల్పర్‌గా పిలిచినారు. ఇప్పుడు అదే పనిలో పర్మనెంటు.

నన్ను ఎవరూ అప్రెంటిస్ అనలేదు. నేర్పే మనిషి ఒకడు దొరికినాడు, అంతే.

రైలుపెట్టె_ఫిట్టర్

నీకు ఆ మనిషి దొరికినాడు. నీతోపాటు కాయలు ఏరిన మిగతా వాళ్లకు దొరకలేదు కదా? అదృష్టం మీద పిల్లల్ని వదిలేయకూడదనే చట్టం పెట్టింది.

గుజ్జు_14_బ్రిక్స్

అది ఒప్పుకుంటా. ఆ బెంచీ మీద మేం నలభై మందిమి.

సత్యవేడు_షిఫ్ట్

నేను శ్రీసిటీ పారిశ్రామికవాడ వైపు ఒక ఫ్యాక్టరీలో లైన్ సూపర్‌వైజర్‌ని. కంపెనీలన్నీ ఒకటే అనుకోవద్దు. 30 మంది, అంతకంటే ఎక్కువ పనివాళ్లు ఉండే చోట అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి, మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా. 4 నుంచి 29 మంది ఉంటే వాళ్ల ఇష్టం. ఈ లెక్క పూర్తి చేయడానికి కొన్ని చోట్ల పేరుకు తీసుకుంటారు, కాదనను. మా దగ్గర మాత్రం ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్ అంటే మూడు నెలలు ప్యానెళ్లు, మూడు నెలలు మోటార్లు, ఆ తర్వాత మెయింటెనెన్స్ టీముతో తిరగాలి. రోజూ డైరీ రాయాలి, దాని మీద నేను సంతకం పెట్టాలి. నేను సంతకం పెట్టేముందు అడుగుతా, నిన్న ఏం విప్పినావు, ఎందుకు విప్పినావు అని.

ఇంకో మాట. వచ్చే పిల్లల్లో సగం మంది రెండు నెలలకే వెళ్లిపోతారు. పక్క కంపెనీలో వెయ్యి ఎక్కువ ఇస్తున్నారంటే చాలు. నేర్పించాలన్న ఆశ మాకూ చచ్చిపోతుంది.

గుడిపాల_బార్డర్

వెయ్యి అంటే నీకు చిన్నది సార్. రూము నాలుగు వేలు, మెస్సు మూడు వేలు, ఊరికి వచ్చిపోయే బస్సు ఐదు వందలు. స్టైపెండు ఏడు వేలు అయితే ఏం మిగిలింది? ఆ వెయ్యి వస్తేనే వాడికి ఐదు వందలైనా మిగిలేది.

సత్యవేడు_షిఫ్ట్

నిజమే, నేను అలా ఆలోచించలేదు. నేను తిరుపతి టౌన్‌లో ఇంట్లో నుంచి చదువుకున్నా. మా లైన్‌లో తొట్టంబేడు నుంచి వచ్చే అబ్బాయి కంపెనీ బస్సు ఎక్కడానికి మూడు కిలోమీటర్లు నడుస్తాడని మొన్ననే తెలిసింది.

కుప్పం_పాఠాలు

నేను డిగ్రీ కళాశాలలో వాణిజ్యశాస్త్రం చెప్తాను. పాకాల_జంక్షన్ చెల్లెలి గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది.

మన రాష్ట్రంలో 2020-21లో డిగ్రీలో చేరిన వాళ్ల నుంచి పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. మొదటి ఏడాది తర్వాత రెండు నెలలు ఊళ్లో సర్వే లాంటి సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలలు, చివర్లో ఆరు నెలల సెమిస్టర్. ఆలోచన చాలా మంచిది. కానీ కుప్పం, గుడుపల్లె, రామకుప్పం, శాంతిపురం పిల్లలకు ఆరు నెలలు ఎక్కడ పెట్టాలి? ఆఫీసులు లేవు, పరిశ్రమలు తక్కువ. అప్పుడు ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ఎవరో ఒకరు డబ్బు తీసుకొని సర్టిఫికెట్ ఇస్తారు. పిల్లలు ఇంట్లో కూర్చొని నివేదిక నకలు చేస్తారు. నా చేతుల్లోకి ఒకే రకం నివేదికలు పదకొండు వచ్చాయి, అక్షరం తేడా లేదు. తప్పు పిల్లలది అని నేను అనలేకపోయాను. పంపడానికి మా దగ్గర చోటే లేదు.

ఒక్క అమ్మాయి మాత్రం నా దగ్గరికి వచ్చి, మా ఊరి పాల కేంద్రంలో చేస్తాను సార్ అంది. బీకాం పిల్ల పాల కేంద్రంలో ఏం చేస్తుందని తోటి వాళ్లు నవ్వారు. నేను సంతకం పెట్టి పంపాను. మూడు నెలలకు చూడ్డానికి వెళ్లాను. ఉదయం ఐదున్నరకు ఆ పిల్ల పాల చిక్కదనం చూసే లాక్టోమీటర్ ముంచి రీడింగ్ రాస్తోంది. యంత్రం చూపించే వెన్న శాతం మీద రైతులకు అనుమానం వస్తే, పాత పద్ధతిలో గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల యాసిడ్, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్ వేసి, తిప్పి, వాళ్ల ముందే చూపిస్తోంది. ఒక ముసలాయన ఆ గొట్టం పట్టుకొని గీతలు లెక్కపెట్టుకుంటున్నాడు. పదిహేను రోజుల పాల చీటీలు మొత్తం కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఎవరికి ఎంత బాకీ ఉందో తేల్చింది ఆ పిల్లే. అక్కౌంట్స్ నేను క్లాసులో మూడేళ్లు చెప్పాను. అది ఆమెకు అర్థమైంది ఆ మూడు నెలల్లో అని నాకు ఆరోజు తెలిసింది.

పులిచెర్ల_అక్క

సార్, ఆ పాప ఇప్పుడు ఏం చేస్తా ఉంది?

కుప్పం_పాఠాలు

పెద్ద డెయిరీ ఒకదాంట్లో లెక్కల విభాగంలో ఉందమ్మా. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ అడగలేదట. "పాలు తక్కువ తూగితే ఏం చేస్తావు" అని అడిగారట.

రైలుపెట్టె_ఫిట్టర్

చెల్లెలి సంగతి నేను చెప్తా. డిగ్రీ, డిప్లొమా అయినోళ్లకు వేరే పథకం ఉంది, నాట్స్ అంటారు. దక్షిణాది రాష్ట్రాలకు దాని బోర్డు చెన్నైలో. 2019 నిబంధనల్లో డిగ్రీ వాళ్లకు స్టైపెండు కనీసం 9000, డిప్లొమా వాళ్లకు 8000 అని ఉంది. కనీస మొత్తంలో సగం ప్రభుత్వం భరిస్తుంది. ఫ్యాక్టరీలే కాదు, ఆఫీసులు, బ్యాంకులు కూడా తీసుకుంటాయి. బీకాం అమ్మాయికి అకౌంట్స్ విభాగం ఉండేచోట వెతకమను.

2024 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ కూడా ఉంది, మొదలైనప్పుడు 21 నుంచి 24 ఏళ్ల వాళ్లకు, ఏడాది పాటు, నెలకు 5000 అన్నారు. అది అప్రెంటిస్ కాదు, పని అనుభవం మాత్రమే. రెండింటినీ కలిపి గందరగోళం పడొద్దు.

పులిచెర్ల_అక్క

ఆడపిల్లకు ముందు అడగాల్సింది స్టైపెండు కాదు, షిఫ్టు ఎన్నింటికి దిగుతుంది, దిగినాక బస్సు ఊర్లోకి వస్తాదా మెయిన్ రోడ్డు మీద దించి పోతాదా అని. మా ఆడబిడ్డ కూతురు శ్రీసిటీలో ఫోన్లు చేసే లైన్లో చేసింది. ఆడ ఆడపిల్లలే ఎక్కువ, హాస్టలు ఉంది, భయం లేదు అనింది. ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం రోడ్డు మీద దిగి రెండు మైళ్లు చీకట్లో. మా ఆయన రోజూ మోపెడ్ వేసుకొని పోయి నిలబడేవాడు. కాలు బాగలేకపోయినా పోయినాడు.

కరక్కాయ_నలుపు

నాది శ్రీకాళహస్తి. మా నాయన కలంకారీ గురువు, ఇప్పుడు నేను నేర్పుతున్నా. మేస్త్రి అన్న మాట, అక్క అన్న మాట రెండూ నా ఇంట్లోనే ఉన్నాయి.

మా పనిలో కలం పట్టేదానికి ముందే ఎన్నో దినాలు పోతాయి. నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఎండబెట్టాలి. కసిమి అంటాం నల్ల రంగును. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం, నీళ్లు కుండలో వేసి వారాల తరబడి పులియబెడితే వచ్చేది. కుండలో ఉన్నప్పుడు అది బీరు రంగు. కరక్కాయ పట్టిన గుడ్డ మీద గీస్తేనే కళ్ల ముందు నల్లబడుతుంది. కొత్తగా వచ్చిన పిల్లలు ఆ గీత నల్లబడటం చూసి అరుస్తారు. ఆ అరుపు కోసమే నేను ఈ పని మానలేదు.

కానీ నేర్చుకునే పిల్లలు ఏం చేస్తున్నారంటే, రంగు నింపడం వచ్చేదాకా ఉంటారు. దానికి రోజు కూలి వస్తుంది. గీత గీయడం రావాలంటే మూడేళ్లు, అంతదాకా ఎవరూ ఉండరు. ఇంకొన్నేళ్లకు బొమ్మ గీసేవాళ్లు తక్కువై, నింపేవాళ్లే మిగులుతారని నాకు భయం. శ్రీకాళహస్తి కలంకారీకి 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు గుడ్డకు వచ్చింది, నేర్చుకునే పిల్లకు భోజనం ఇంకా రాలేదు.

తిరుపతిలో టీటీడీ శిల్ప కళాశాల ఉంది, 1960లో పెట్టింది. పదో తరగతి పాసైన పిల్లలకు రాతి శిల్పం, లోహ శిల్పం, కొయ్య, సుధ (సున్నపు బొమ్మలు), చిత్రలేఖనం డిప్లొమాలు, కలంకారీకి రెండేళ్ల సర్టిఫికెట్. చేరిన పిల్లల పేరు మీద లక్ష రూపాయలు బ్యాంకులో వేసి చదువు పూర్తయ్యాక ఇస్తారు. మాధవమాల కొయ్య బొమ్మల ఊరు నుంచి ఆడికి ఎంతో దూరం లేదు. చిత్తూరు పడమటి మండలాల్లో ఈ కళాశాల ఒకటుందని కూడా తెలియని ఊళ్లున్నాయి.

ఏర్పేడు_మామ

మాధవమాల పక్కన మాది. మా అన్న కొడుకు ఆడే చదివి ఇప్పుడు గుళ్లకు తలుపులు చెక్కతా ఉండాడు. తొలి ఏడు వాడు ఇంటికి తెచ్చి చూపించిన వినాయకుడికి తొండం పొట్టి అయింది. మా వదిన దాన్నే దేవుడి గూట్లో పెట్టింది, ఇప్పటికీ ఆ వినాయకుడికే పూజ.

కరక్కాయ_నలుపు

మా ఇంట్లో నా మొదటి నెమలి కూడా అట్లే గోడ మీద ఉంది మామా. మెడ వంకర.

పాకాల_జంక్షన్

తమ్ముడు ఫోన్ చేసినాడు. జీతం చీటీ ఫొటో పంపించినాడు.

కాంట్రాక్టు కాగితం ఏదీ లేదంట. చేరేటప్పుడు ఆధార్, బ్యాంకు పుస్తకం, ఐటీఐ సర్టిఫికెట్ జిరాక్సు తీసుకొని ఇంగ్లీషులో ఉండే రెండు తెల్ల కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారంట. చీటీలో పీఎఫ్ కోత ఉంది, ఈఎస్ఐ కోత ఉంది. చేతికి వచ్చేది 11 వేలు. పేరు పక్కన "హెల్పర్" అని ఉంది. పన్నెండు గంటల షిఫ్టు. అప్రెంటిస్ అనే మాట ఎక్కడా లేదు.

రైలుపెట్టె_ఫిట్టర్

నేను అనుమానించింది అదే. మీ తమ్ముడు అప్రెంటిస్ కాదు, కాంట్రాక్టు కూలీ. అప్రెంటిస్ చట్టం 1961 ప్రకారం అప్రెంటిస్ అంటే శిక్షణలో ఉన్నవాడు, కార్మికుడు కాదు. అందుకే వాళ్లకు పీఎఫ్, ఈఎస్ఐ కట్ చేయరు. కట్ చేశారంటే మీ వాణ్ణి కార్మికుడిగానే లెక్క రాసుకున్నారు. నోటితో అప్రెంటిస్ అన్నారు, కాగితం మీద హెల్పర్ అన్నారు.

ఇందులో చెడూ ఉంది, మంచీ ఉంది. చెడు ఏమిటంటే, పది నెలలు కాదు పదేళ్లు చేసినా అప్రెంటిస్ సర్టిఫికెట్ రాదు. అది రావాలంటే కాంట్రాక్టు నమోదై, శిక్షణ పూర్తి చేసి, ట్రేడ్ టెస్టు పాసవ్వాలి. ఇంకో రెండు నెలలు ఓర్చుకోవడం వల్ల ఒరిగేది ఏమీ లేదు.

మంచి రెండు. కార్మికుడు కాబట్టి కనీస వేతనం, ఎక్కువ గంటలకు రెట్టింపు కూలి అడిగే హక్కు ఉంది. జీతం చీటీలన్నీ, షిఫ్టు హాజరు వివరాలు ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకోమను, బయటికి వచ్చేముందే. పీఎఫ్ నంబరు రాసుకోమను. కార్మిక శాఖ సహాయ కమిషనర్ కార్యాలయంలో అర్జీ ఇవ్వొచ్చు. రెండోది, దీనికంటే పెద్దది. ఒకసారి అప్రెంటిస్ పూర్తి చేసినవాళ్లను రైల్వే లాంటి చోట్ల మళ్లీ తీసుకోరు. మీ వాడి పేరు ఎక్కడా నమోదు కాలేదు కాబట్టి వాడికి ఆ దారి మూసుకుపోలేదు.

పాకాల_జంక్షన్

అన్నా, ఇది చదివి మా అమ్మకు వినిపించినా. "అయితే వాడి చదువు పోలేదా" అని మూడుసార్లు అడిగింది.

రైలుపెట్టె_ఫిట్టర్

పోలేదని చెప్పు అమ్మకు.

నా సంగతి చెప్తా. మాది రేణిగుంట పక్కన పల్లె, నాయన గొర్రెలు కాసేవాడు. 2016లో ఐటీఐ ఫిట్టర్ అయినా. దక్షిణ మధ్య రైల్వే అప్రెంటిస్ నోటిఫికేషన్ వచ్చింది. పరీక్ష లేదు, పదో తరగతి మార్కులు, ఐటీఐ మార్కులు కలిపి మెరిట్ తీస్తారు. వయసు 15 నుంచి 24 మధ్య, రిజర్వేషన్ వాళ్లకు సడలింపు. నాకు తిరుపతి క్యారేజీ రిపేర్ షాపు వచ్చింది. మొదటి రోజు పెట్టెను జాకీల మీద ఎత్తి కింద నుంచి బోగీ, అంటే చక్రాల చట్రం, బయటికి లాగడం చూసి నోరు తెరిచా. నాకు నేర్పిన సీనియర్ మాట్లాడేది తక్కువ. నేను బిగించిన బోల్టు మీద సుద్దతో గీత గీసి, మళ్లీ తనే స్పానర్ పెట్టి చూసేవాడు. గీత కదిలితే ఏమీ అనడు, సుద్దముక్క నా చేతిలో పెట్టి పోతాడు. ఆ సుద్దముక్క చేతిలో పడకుండా ఒక వారం గడిచిన రోజు ఇంటికి పోయి నాయనకు చెప్పా.

ఏడాది అయినాక ఉద్యోగం గ్యారంటీ ఏమీ లేదు, చట్టంలోనే లేదు. రైల్వే లెవల్ 1, అంటే అన్నింటికంటే కింది స్థాయి పోస్టుల్లో మాత్రం అప్రెంటిస్ పూర్తి చేసినవాళ్లకు 20 శాతం కేటాయింపు ఉంది. పరీక్ష రాసి అందులోనే వచ్చా.

ఆర్టీసీ డిపోలు కూడా ఐటీఐ వాళ్లను తీసుకుంటాయి. రాణిపేట బీహెచ్ఈఎల్ కూడా. గుడిపాల వాళ్లకైతే అది మన తిరుపతి కంటే దగ్గర.

గుడిపాల_బార్డర్

అవును, మా ఊరి నుంచి ఇద్దరు ఆడ చేసినారు. తమిళం వచ్చు కాబట్టి ఇబ్బంది పడలేదు.

సత్యవేడు_షిఫ్ట్

ప్రతి నెలా రెండో సోమవారం అప్రెంటిస్ మేళా ఉంటుంది, ప్రభుత్వ ఐటీఐల్లో కనుక్కోండి. మేళాలో కంపెనీ వాళ్లను నేరుగా అడగండి: కాంట్రాక్టు పోర్టల్‌లో ఎన్ని రోజుల్లో వేస్తారు, నేర్పేది ఎవరు, ఏ విభాగంలో ఎన్ని నెలలు అని. సమాధానం చెప్పలేక నీళ్లు నమిలితే పక్క బల్ల దగ్గరికి వెళ్లండి. మా బల్ల అయినా సరే.

దెబ్బ తగిలితే పరిహారం కంపెనీదే, అది అప్రెంటిస్‌కు కూడా వర్తిస్తుంది. ఓవర్‌టైము చేయించాలంటే అప్రెంటిస్ అడ్వైజర్ అనే ప్రభుత్వ అధికారి అనుమతి ఉండాలి. పన్నెండు గంటలు నిలబెట్టారంటే అక్కడే అనుమానం రావాలి.

షెడ్డు_మేస్త్రి

నిన్నటి నుంచి ఇదంతా చదవతా ఉండా. ఒకటి అడగతా సత్యవేడు సార్. నాలుగు నుంచి ఇరవై తొమ్మిది మంది ఉంటే ఇష్టం అన్నావు. నా షెడ్డులో నాతో కాకుండా ఐదు మంది ఉండారు. నేను కూడా పిలకాయిని కాగితం మీద పెట్టుకోవచ్చా?

సత్యవేడు_షిఫ్ట్

పెట్టుకోవచ్చు మేస్త్రీ. పోర్టల్‌లో షెడ్డును నమోదు చేయించాలి. 2019 నిబంధనల్లో ఐటీఐ వాళ్లకు కనీసం నెలకు 7000 అని ఉంది. అందులో 25 శాతం, 1500కు మించకుండా, ప్రభుత్వం నేరుగా పిల్లాడి ఖాతాలో వేస్తుంది. మిగతాది మీరు ఇవ్వాలి.

షెడ్డు_మేస్త్రి

అంటే నా చేతి నుంచి ఐదున్నర వేలు. బరువే. ఐటీఐ అయినోడు కాబట్టి తీగలు, కనెక్షన్లు తెలిసుంటాది, మొదటి ఆర్నెల్లు ఉట్టిగా పోవు.

మొన్న నేను కాగితం ఏం నేర్పతాది అన్నా. రాత్రి నా కాడ ఎనిమిదేళ్లు చేసినోడు ఒకడు ఫోన్ చేసినాడు. గల్ఫ్‌లో మోటార్ల పని ఉందంట, వాడికంటే చేతగానోడికి ఇచ్చినారంట, వాడి కాడ సర్టిఫికెట్ ఉందని. వాడి చేతి పని నాకు తెలుసు. చెవి పెట్టి వింటే చాలు మోటారు ఏ బేరింగు కాడ అరస్తా ఉందో చెప్పేస్తాడు. నేను వాడికి ఇవ్వగలిగింది ఇచ్చినా, ఇంకొకటి ఇవ్వొచ్చని నాకు తెలీలేదు.

రైలుపెట్టె_ఫిట్టర్

ఆ అబ్బాయికి కూడా దారి ఉంది మేస్త్రీ. పని ముందే వచ్చిన వాళ్లకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఉంది, ఆర్‌పీఎల్ అంటారు. నైపుణ్యాభివృద్ధి సంస్థ వాళ్లను అడగమను.

షెడ్డు_మేస్త్రి

చెప్తా. ఇప్పుడే చెప్తా.

పాకాల తమ్ముడూ, నీ తమ్ముణ్ణి నా కాడికి పంపిస్తావా? ఎనిమిది కల్లా వస్తే సాయంత్రం ఆరుకు వదిలేస్తా. రైల్వే నోటిఫికేషన్ ఈలోపు వస్తే పోనీ, అందుకే కాగితం ఇప్పుడే వేయను. ముందు ఒక నెల మామూలు కూలికి రానీ, మర్చిపోయిన చేయి మళ్లీ తిరగనీ. ఆ తర్వాత వాడే చెప్తాడు, నా కాడ ఉంటాడా, రైలుకు పోతాడా అని. ఉంటానంటే పోర్టల్‌లో పెడదాం, సత్యవేడు సార్ ఎట్ల పెట్టాలో చెప్పాల.

సత్యవేడు_షిఫ్ట్

ఆదివారం నాకు సెలవు. ల్యాప్‌టాప్ తీసుకొని బంగారుపాళెం నేనే వస్తా. పిల్లాడు కంపెనీ బస్సు కోసం మూడు కిలోమీటర్లు నడుస్తున్నాడు, నేను ఒక ఆదివారం రాలేనా.

పులిచెర్ల_అక్క

మేస్త్రన్నా, మా చిన్నోడు ఇంకా తొమ్మిదో తరగతి. వాడి పేరు కూడా రాసి పెట్టుకో.

షెడ్డు_మేస్త్రి

చదువు అయినాక తీసుకురామ్మా. పది పాసైతేనే తీసుకుంటా.

పాకాల_జంక్షన్

తమ్ముడు ఈ దినం రాజీనామా రాసి ఇచ్చినాడు. చీటీలన్నీ ఫొటోలు తీసుకున్నాడు. చెల్లెల్ని వ్యాన్ ఎక్కించడం లేదు. కుప్పం సార్ చెప్పినట్టు మా ఊరి పాల కేంద్రం లెక్కలు చూస్తా నాట్స్‌లో అప్లై చేస్తానంది.

మేస్త్రన్నా, వాడు సోమవారం వస్తాడు. పాకాల నుంచి తొలి బస్సుకు వస్తే చిత్తూరులో మారాల. ఎనిమిదికి పది నిమిషాలు అటూ ఇటూ అయితే కోప్పడొద్దు.

షెడ్డు_మేస్త్రి

కోప్పడను. చెప్పులు వేసుకొని రావద్దని చెప్పు, బూట్లు వేసుకొని రమ్మను. వచ్చేటప్పుడు మీ బోరు స్టార్టరు విప్పి సంచిలో వేసుకొని రమ్మను. మొదటి పని అదే.